అది ప్రేమ పాట కాదు, వాళ్ళు 'స్టింగ్ బృందం' కాదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో పెళ్ళి సంగీత్‌లకు పనికొచ్చే ఇంగ్లీషు పాటలంటూ అరపేజీ వేశారు. అందులో నాలుగో పాట 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్'. పక్కన ముగ్గురు మనుషుల ఫొటో, కింద 'స్టింగ్ బృందం' అని పేరు. 'ఐదు ఆల్బంలకే చతికిలబడినా ఈ ఒక్క ప్రేమగీతంతో గుర్తుండిపోయిన బృందం' అని ఒక ముక్క. చిన్న బిట్టులో మూడు తప్పులు. అది ప్రేమగీతం కాదు, ఆ బృందం చతికిలబడలేదు, పేరూ అది కాదు. దాని పేరు 'ది పోలీస్'.

నేను చదువుకున్న విమర్శకుణ్ణి కాదండి. అంబాజీపేట చుట్టుపక్కల ముప్పై ఎనిమిదేళ్ళు బ్యాండు మేళంలో సైడ్ డ్రమ్ము వాయించినవాణ్ణి. 1976లో పదిహేనేళ్ళప్పుడు పట్టీ భుజానికేసుకుని 2014లో దించాను. ఇంగ్లీషు పదో తరగతి వరకే. ఈ బృందం గురించి నాకు తెలిసింది కొంత చెవులతో తెలుసుకున్నది, మిగతాది మా అమ్మాయి కొడుకు ఫోన్లో చదివి వినిపించింది. వాడు చదువుతుంటే తప్పుల్లేకుండా రెండేసిసార్లు చెప్పించుకున్నాను.

ముందు పాట సంగతి. మూడేళ్ళ కిందట అమలాపురం పక్కన ఒక పెళ్ళి. పెళ్ళికొడుకు అమెరికాలో ఉద్యోగం. నేను మానేసినా, మా పాత క్లార్నెట్ ఆయన "ఒక్కరోజు రారా, మనుషులు చాలట్లేదు" అంటే వెళ్ళాను. పెళ్ళికొడుకు వాట్సాప్‌లో పాటల జాబితా పంపాడు. అందులో ఇది ఉంది. నేను ఆ అబ్బాయి దగ్గరికి వెళ్ళి, "బాబూ, ఇది పెళ్ళి పాట కాదండి. వదిలేసి వెళ్ళిపోయిన మనిషి మీద కన్నేసి ఉంచుతాననే పాట. మా వీధి చివర సీసీ కెమెరా లాంటిది" అన్నాను. ఆ అబ్బాయి నవ్వేసి, "బాబాయ్ గారూ, ఎవరికి తెలుస్తుందండీ, ట్యూను బాగుంటుంది" అన్నాడు. నిజమే, ట్యూను బాగుంటుంది. వాయించాం. క్లార్నెట్ మీద ఇంకా జాలిగా పలికింది. వరండాలో మడతకుర్చీలో కూర్చున్న పెళ్ళికూతురి అమ్మమ్మగారు మా ట్రంపెట్ కుర్రాణ్ణి పిలిచి, "ఏంట్రా ఆ పాట, ఎవరో తలుపు సందులోంచి చూస్తున్నట్టుంది, మార్చండి" అన్నారు. ఆవిడకు ఇంగ్లీషు ముక్క రాదు.

ఆ పాట రాసి పాడిన స్టింగే చాలాసార్లు చెప్పాడు, అది అసూయ గురించీ నిఘా గురించీ అని. 1982లో తన కాపురం విడిపోతున్న రోజుల్లో జమైకాలో కూర్చుని రాసుకున్నాడు. మరుసటి ఏడు అమెరికాలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో నిలబడింది. జనం పెళ్ళిళ్ళలో వేసుకుంటుంటే ఆయనకే ఆశ్చర్యం. కాబట్టి మీ విలేకరిని ఒక్కణ్ణే తప్పు పట్టను. అయినా పత్రికలో పడ్డాక మా జిల్లాలో ఇంకో పది పెళ్ళిళ్ళలో మోగుతుంది కదా, అందుకే ఈ ఉత్తరం.

అసలు ఈ బృందం నా చెవిన ఎలా పడిందో చెప్పాలి. 1984 సంక్రాంతికి మా అక్క మొగుడు కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ డ్రైవరు పని. సెంటు సీసాలు, టాంగ్ డబ్బా, పువ్వుల కంబళి, ఒక టూ ఇన్ వన్ తెచ్చాడు. దానితోపాటు ఆరేడు క్యాసెట్లు. గదిలో ఉండే వేరే దేశం కుర్రాడు ఖాళీ చేసి పోతూ ఇచ్చాడట, వాటిలో ఒకటి ఈ పోలీసుల పాటలు. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని పెట్టాడు. నేను అలవాటు కొద్దీ తొడ మీద వేళ్ళతో ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్క పెట్టుకుంటున్నాను. ఒకటి దగ్గర ఏమీ లేదు. పైన చిన్న తాళాలు చిటచిటలాడుతున్నాయి, పెద్ద డ్రమ్ము మాత్రం రాలేదు. రెండూ దాటిపోయింది. మూడు దగ్గర దబ్ మని పడింది. మళ్ళీ ఒకటి దగ్గర ఖాళీ.

"బావా, టేపు నలిగిపోయినట్టుంది, మొదటి దెబ్బ మింగేస్తోంది" అన్నాను.

"నలగడమేంట్రా, శుభ్రంగానే ఉందిగా" అని బావ వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే. నాలుగోసారికి బ్యాటరీలు నీరసించి పాట సాగిపోవడం మొదలెట్టింది. అప్పుడు ఇంకా బాగా తెలిసింది. టేపు తినడం కాదు, వాయించేవాడే కావాలని వదిలేస్తున్నాడు.

మీకు ఇదేం పెద్ద వింత అనిపించవచ్చు. మా పనిలో మొదటి దెబ్బంటే అడుగు. ఊరేగింపులో ముందు నడిచేవాడి కాలు ఆ దెబ్బ మీద పడుతుంది. అది పోతే వరసంతా తొట్రుపడుతుంది. ఇది తెలిసి కూడా ఆ వేసవిలో ముక్కామల దగ్గర ఒక పెళ్ళి ఊరేగింపులో సరదా పుట్టి నేను ఒకటి వదిలేసి మూడు మీద కొట్టాను. ట్రంపెట్ వాళ్ళిద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. పెట్రోమాక్స్ లైటు నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి ఆగిపోయింది. మాస్టారు పాట ఆపకుండానే నా పక్కకు వచ్చి క్లార్నెట్ మడమతో మోచేతి మీద ఒక్కటిచ్చారు. పాట అయ్యాక, "ఇంట్లో చేసుకో నీ ప్రయోగాలు" అన్నారు. అప్పటికి అది జమైకా వాళ్ళ రెగ్గె పద్ధతి అని నాకు తెలియదు.

ఇక ఆ బృందం గురించి. 1977లో లండన్‌లో మొదలైంది. అప్పుడక్కడ పంక్ అనే గోల పాటల జోరు. మూడు ముక్కలు నేర్చుకుని గట్టిగా, వేగంగా, కోపంగా వాయించడం ఆ పద్ధతి. ఆ వేగాన్ని ఉంచుకుని, తక్కిన చోట్ల నుంచి రకరకాల సంగీతం తెచ్చి కలుపుకున్న వాళ్ళను తర్వాత న్యూ వేవ్ అన్నారు. పోలీసులు ఆ కోవలోవాళ్ళు. బృందం పెట్టింది స్టింగ్ కాదు, డ్రమ్మర్ స్టువర్ట్ కోప్‌లాండ్. పేరు కూడా ఆయనే పెట్టాడు. మొదట గిటారుకు హెన్రీ పడోవాని అనే కుర్రాడు ఉండేవాడు, కొన్నాళ్ళకే ఆండీ సమ్మర్స్ వచ్చి, ఉంటే గిటారుకు నేనొక్కణ్ణే అన్నాడు. ఆగస్టు నాటికి పడోవాని బయటికి వెళ్ళిపోయాడు. ఇలాంటివి మా మేళాల్లోనూ చూశాను. రెండో క్లార్నెట్ ఎప్పుడూ గొడవే.

ఈ ముగ్గురూ ఒక తానులో ముక్కలు కారు. స్టింగ్ అసలు పేరు గోర్డన్ సమ్నర్. ఓడలు కట్టే ఊళ్ళో పుట్టాడు, చిన్నపిల్లల బడిలో పంతులుగా పనిచేశాడు, రాత్రిళ్ళు జాజ్ బృందాల్లో బేస్ గిటారు వాయించేవాడు. నలుపూ పసుపూ చారల స్వెట్టర్ వేసుకుంటే కందిరీగలా ఉన్నావని తోటివాళ్ళు పెట్టిన పేరు స్టింగ్. కోప్‌లాండ్ అమెరికావాడు, కానీ పెరిగింది కైరోలోనూ బీరూట్‌లోనూ. వాళ్ళ నాన్న అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ మనిషి. అరబ్బు డోళ్ళ దెబ్బలు చిన్నప్పుడే చెవిన పడ్డాయని ఆయనే చెప్పుకుంటాడు. సమ్మర్స్ 1942లో పుట్టినవాడు, మిగతా ఇద్దరికంటే పదేళ్ళు దాదాపు పెద్ద, అప్పటికే ఎన్నో బృందాలు తిరిగి, అమెరికాలో కాలేజీలో చేరి శాస్త్రీయ గిటారు కూడా నేర్చుకొచ్చాడు. ఇంత తెలిసిన ముగ్గురు పిల్లల గోల మధ్య నిలబడి పంక్ వాయిస్తుంటే, వీళ్ళు వేషం వేస్తున్నారని అసలు పంక్ వాళ్ళు ఎగతాళి చేశారు. 1978లో ఒక చూయింగ్ గమ్ ప్రకటన కోసం ముగ్గురూ జుట్టుకు పసుపు రంగు వేయించుకున్నారు. ప్రకటన పోయింది, జుట్టు మాత్రం వాళ్ళ గుర్తయి కూర్చుంది.

ఇప్పుడు అసలు మాట. 'కలగలుపు సంగీతం' అనగానే మనవాళ్ళు అన్నీ ఒకేసారి మోగించడం అనుకుంటారు. సన్నాయి, కీబోర్డు, తాషా, పైన డీజే. వీళ్ళు చేసింది దానికి ఉల్టా. ఎవరికి వాళ్ళు ఏదో ఒకటి తీసేశారు. డ్రమ్మర్ ఒకటో దెబ్బ తీసేశాడు. గిటారు సమ్మర్స్ చాలాచోట్ల స్వరాల గుత్తిలోంచి గాంధారం తీసేసి, స, రి, ప లాంటివి ఉంచాడు. గాంధారం ఉంటే అది సంతోషమో ఏడుపో తేలిపోతుంది, తీసేస్తే గాల్లో ఉంటుంది. (ఇది నాకు మా ఊరి హార్మోనియం మాస్టారు రీడ్లు నొక్కి చూపించారు. ఆ పెళ్ళిపాటలో గాంధారం ఉంచినా, పక్కనే రి కూడా తగిలించాడు. అమ్మమ్మగారికి తలుపు సందు కనిపించింది అక్కడే అని నా అనుమానం.) స్టింగ్ బేస్ మీద నాలుగు స్వరాలు వాయించాల్సిన చోట రెండు వాయించి ఊరుకునేవాడు, పైన గొంతెత్తి పాడాలి కదా. ముగ్గురే ఉన్నా ఖాళీలు బోలెడు. ఆ ఖాళీల్లోకి రెగ్గె వచ్చింది, జాజ్ వచ్చింది, అరబ్బు దెబ్బ వచ్చింది. మా వైపు ఏది మాట్లాడినా గోదావరి మూడు పాయలతో పోల్చడం అలవాటు. ఇక్కడ పోలిక కుదరదు. పాయలు విడిపోయాక ఒకదాని జోలికి ఒకటి పోదు, వీళ్ళు రోజూ కొట్టుకునేవాళ్ళు.

కోప్‌లాండ్ చేతుల గురించి ఒక ముక్క రాయనివ్వండి. మా మనవడు మొదటిసారి ఫోన్లో ఆయన వీడియో చూపించినప్పుడు నేను పాట వినలేదు, ఎడమ చెయ్యి చూశాను. కర్రను పిడికిలితో పట్టుకోలేదు. చెయ్యి వెల్లకిలా తిప్పి, బొటనవేలి మొదట్లో కర్ర ఇరికించి, ఉంగరం వేలి మీద ఆనించి వాయిస్తున్నాడు. అది మా పట్టు! డ్రమ్ము పట్టీతో భుజానికి వేలాడదీసుకుంటే ఒక పక్కకు వాలిపోతుంది, ఎడమ అంచు ఎత్తుగా ఉంటుంది. పైనుంచి పట్టుకుంటే మోచెయ్యి గాల్లోకి లేస్తుంది కాబట్టి కిందనుంచి పట్టుకోవాలి. మిలటరీ బ్యాండుల నుంచి వచ్చిన పట్టు అది. స్టాండు మీద డ్రమ్ములు పెట్టుకుని కూర్చుని వాయించే రాక్ వాళ్ళకు ఆ అవసరమే లేదు, చాలామంది పిడికిలి పట్టే పడతారు. ఆయన మాత్రం దాన్ని వదల్లేదు. డ్రమ్ము చర్మం కూడా బాగా బిర్రుగా బిగిస్తాడు, దెబ్బ కొబ్బరిచిప్ప పగిలినట్టు టక్కుమంటుంది. మా చిన్నప్పుడు తోలు చర్మాలు, మాఘమాసం మంచుకు మెత్తబడిపోతే దారి పక్కన కొబ్బరి కమ్మలు వెలిగించి సెగ చూపించి బిర్రు తెప్పించుకునేవాళ్ళం. అవే డ్రమ్ముల మీద ఆయన ఇక్కడ రాయకూడని ఇంగ్లీషు తిట్లు పెద్దక్షరాలతో రాసుకునేవాడు, అది వేరే సంగతి.

మొదటి ఆల్బం 1978లో వచ్చింది. రికార్డు చేసింది లండన్ పక్కన లెదర్‌హెడ్ అనే ఊళ్ళో, నైజల్ గ్రే అనే డాక్టరుగారు సొంతంగా పెట్టుకున్న చిన్న స్టూడియోలో. డబ్బుల్లేక, స్టూడియో ఖాళీ దొరికినప్పుడల్లా పోయి నెలల తరబడి ముక్కలు ముక్కలుగా చేశారు. అందులో 'రాక్సాన్' అనే పాట మొదట్లో ఒక పియానో మోత, ఒక నవ్వు వినిపిస్తాయి. స్టింగ్ మూత వేసి ఉందనుకుని పియానో మీద కూర్చున్నాడట, మీటలు మోగాయి, నవ్వొచ్చింది. దాన్ని తుడిచెయ్యకుండా అలాగే ఉంచేశారు. ఆ పాట మొదట విడుదలైనప్పుడు అమ్ముడుపోలేదు, మరుసటి ఏడు మళ్ళీ వేస్తే పోయింది. ఆ మధ్యలో కంపెనీ అండ లేకుండా చవక విమానం టికెట్లు కొనుక్కుని అమెరికా వెళ్ళి, ఒక వ్యానులో సామాను వేసుకుని తిరిగారు. ఒక ఊళ్ళో వచ్చిన జనాన్ని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అయినా పూర్తి కచేరీ వాయించారు. వాన కురిసి పెళ్ళివారు లోపలికి పోయాక వీధిలో మేము ఆరుగురం నిలబడి వాయించిన రాత్రులు నాకు గుర్తున్నాయి. సంచకారం పుచ్చుకున్నాక వాయించక ఏం చేస్తాం.

1979లో రెండో ఆల్బం ఇంగ్లండులో మొదటి స్థానానికి వెళ్ళింది. దాని పేరు 'రెగాటా డి బ్లాంక్', అంటే తెల్లోళ్ళ రెగ్గె అని తమ మీద తామే వేసుకున్న జోకు. మరుసటి ఏడు ప్రపంచయాత్ర. మీ బిట్టులో లేని విషయం ఇక్కడుంది. వాళ్ళు మన దేశం వచ్చారు. 1980 మార్చి 26న బొంబాయిలో హోమీ భాభా ఆడిటోరియంలో వాయించారు. పిలిపించింది పెద్ద కంపెనీ కాదు, టైమ్ అండ్ టాలెంట్స్ క్లబ్ అనే ఆడవాళ్ళ సేవాసంస్థ, విరాళాల కోసం. రాక్ బృందాలు మన దేశం వైపు చూడని రోజులవి. అదే ఊపులో కైరో కూడా వెళ్ళారు, అంటే కోప్‌లాండ్‌కు పెరిగిన ఊరు. నేనప్పుడు పంతొమ్మిదేళ్ళవాణ్ణి, బొంబాయి సంగతి తెలిసింది ముప్పై ఏళ్ళకు.

మూడో ఆల్బం హడావుడిగా చేశారు, నాకూ అంత నచ్చదు. నాలుగూ ఐదూ కరీబియన్ సముద్రంలో మాంట్‌సెరాట్ అనే దీవిలో రికార్డు చేశారు. ఐదోది చేసేటప్పటికి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడలేని స్థితి. కోప్‌లాండ్ డ్రమ్ములు భోజనాల గదిలో, సమ్మర్స్ గిటారుతో స్టూడియోలో, స్టింగ్ మిషన్లుండే గదిలో. మధ్యలో వైర్లు. స్టింగ్‌కు డ్రమ్ములు సాదాగా కావాలి, కోప్‌లాండ్‌కు అలంకారాలు కావాలి. పెళ్ళిపాటలో డ్రమ్ము అంత బోడిగా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది కదా, అది స్టింగ్ నెగ్గిన పాట. అలాగని మిగతావాళ్ళు ఏమీ చెయ్యలేదని కాదు. స్టింగ్ తెచ్చిన మామూలు పాటకు సమ్మర్స్ గిటారు వరస ఒక్క టేకులో వాయించేశాడు. ఈ రోజుకీ జనం గుర్తుపట్టేది ఆ గిటారునే. పాట రాసినవాడిగా పేరు మాత్రం స్టింగ్ ఒక్కడిదే.

ఆ స్టూడియోను 1989లో హ్యూగో తుఫాను దెబ్బ తీసింది, మళ్ళీ తెరవలేదు. ఈ మాట మనవడు చదువుతుంటే నేను 'ఊఁ' అని ఊరుకున్నాను. మా బావ ఇచ్చిన క్యాసెట్ పోయింది కూడా తుఫానులోనే. 1996 నవంబరు 6 రాత్రి. ఇంటి మీద కొబ్బరిచెట్టు పడింది. తెల్లారాక చూస్తే టూ ఇన్ వన్ గుండిగలో తేలుతోంది, క్యాసెట్ టేపు బయటికి వచ్చి దడి ముళ్ళకు చుట్టుకుని ఉంది. గాలికి ఆడుతుంటే చిన్న చప్పుడు కూడా చేసేది. డ్రమ్ము మాత్రం అటక మీద ఉండి బతికింది.

'చతికిలబడ్డారు' అన్న మాట దగ్గరికి వస్తాను. ఐదో ఆల్బం 'సింక్రొనిసిటీ' 1983లో అమెరికాలో పదిహేడు వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ ఆగస్టు 18న న్యూయార్క్‌లో షియా స్టేడియంలో వాయించారు, వెనకటికి బీటిల్స్ వాయించిన చోటు. ఇంతకంటే ఎక్కడానికి ఇంకేముంది, ఇక ఆపేద్దాం అని ఆ స్టేజీ మీదే అనిపించిందని స్టింగ్ తర్వాత చెప్పాడు. 1984 మార్చిలో మెల్‌బోర్న్‌తో ఆ యాత్ర అయిపోయింది. మేడ మీది నుంచి మెట్లు దిగి వచ్చినవాణ్ణి పడిపోయాడు అంటామా?

1986లో మళ్ళీ కలిసి ఆల్బం చేద్దామనుకున్నారు. రికార్డింగుకు ముందు కోప్‌లాండ్ గుర్రం మీదినుంచి పడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. కర్రలు పట్టలేడు. సరే, మెషీన్‌తో డ్రమ్ము చేద్దామన్నారు. ఏ మెషీన్‌తో చెయ్యాలన్న దగ్గర ఆయనకొకటి, స్టింగ్‌కొకటి. దాని మీద తగాదా. చివరికి తేలింది 1980 నాటి పాత పాటను మార్చి చేసిన ఒక్క ముక్క. అంతే.

ఇది చదివించుకున్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నేను పని మానేసింది మోకాళ్ళ నొప్పులకని ఇంట్లో చెప్పాను. అది సగం నిజం. 2014లో మా మేళంలోకి రిథమ్ ప్యాడ్ తెచ్చారు, ట్రాలీ బండి మీద స్పీకర్లు. ప్యాడ్ మీద వేలితో నొక్కితే నలుగురు డ్రమ్మర్ల మోత. మేళం నడిపేవాడు నాతో, "మీరు డ్రమ్ము వేసుకుని ముందు నడవండి చాలండి, కర్రలు ఆడిస్తే వీడియోలో బాగుంటుంది, గట్టిగా కొట్టొద్దు, ప్యాడ్‌కు అడ్డమొస్తుంది" అన్నాడు. కుర్రాడు మర్యాదగానే అన్నాడు. అలా మూడు పెళ్ళిళ్ళు చేశాను. నాలుగో దానికి పోలేదు.

పని మానకముందు చివరి మంచి రోజు జగ్గన్నతోట తీర్థంలో. కనుమనాడు. చూడనివాళ్ళ కోసం: పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు రుద్రుల ప్రభలు భుజాల మీద మోసుకొచ్చి ఆ తోటలో దింపుతారు. రోడ్డు మీదినుంచి కాదు, చేలల్లోంచి, కొబ్బరితోటల్లోంచి, కొన్నయితే కౌశిక ఏటి నీళ్ళల్లోంచి. ప్రభంటే రంగు బట్టలూ నూలు కుచ్చులూ కట్టిన వెదుళ్ళ గోపురం, పదుల మంది కావాలి మొయ్యడానికి. మేము ముందు వాయించుకుంటూ నడవాలి. ఆ రోజు వరిచేను బురదలో నా పట్టీ కొక్కెం ఊడి డ్రమ్ము మోకాలి కిందికి జారింది. దాన్ని ఎడమ చేత్తో ఎత్తిపట్టుకుని కుడిచేత్తో అందినప్పుడల్లా కొడుతున్నాను. నాలుగైదు ఆవర్తాలు ఒకటో దెబ్బ అందలేదు, మూడు మీదే పడింది. ముక్కామల గుర్తొచ్చి భయం వేసింది, మాస్టారు పోయి పదేళ్ళయినా. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ తొట్రుపడలేదు. ఒకటి దగ్గర నా డ్రమ్ము లేని చోట బురదలో అన్ని కాళ్ళూ ఒక్కసారి దిగబడుతున్నాయి, బుడుంగుమని. దాని మీదే 'అశ్శరభ శరభ' అంటున్నారు. కొక్కెం పెట్టుకున్నాక కూడా నేను ఇంకో గట్టు దాటేదాకా ఒకటి కొట్టలేదు.

2003లో ఆ ముగ్గురినీ అమెరికాలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2007లో మళ్ళీ కలిసి కెనడాలో వాంకూవర్‌లో మొదలెట్టి ప్రపంచమంతా తిరిగి 2008 ఆగస్టు 7న న్యూయార్క్‌లో ముగించారు. మొదలెట్టిన కొత్తలోనే కోప్‌లాండ్ తమ కచేరీ ఎంత దరిద్రంగా సాగిందో, ఎవరు ఎక్కడ తప్పారో తనే రాసి అందరికీ చూపించాడు. మా మనవడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు మాత్రం ఆయన మీద గౌరవం పెరిగింది. మన ఊళ్ళో తీర్థం అయ్యాక ఏ మేళమైనా అలా ఒప్పుకోగా చూశారా?

ఉత్తరం బాగా పొడుగైంది, కత్తిరిస్తారని తెలుసు. కత్తిరిస్తే మా బావ టూ ఇన్ వన్ సంగతి, ప్రకటన జుట్టు సంగతి తీసెయ్యండి. సవరణ మాత్రం వెయ్యండి. ఆ పాటను పెళ్ళి జాబితాలోంచి తీసేసినట్టు ఒక వాక్యం చాలు. రెండోది, ఆ ఫొటో మళ్ళీ వేస్తే కింద 'స్టింగ్ బృందం' అని వెయ్యకండి. మా పెళ్ళి వీడియోల్లో కూడా అంతే, క్లార్నెట్ ఆయన మొహం ఉంటుంది, సైడ్ డ్రమ్ముది మోచెయ్యి వరకే. మీరు వేసిన ఫొటోలో ఎడమవైపు పొడుగ్గా ఉన్నది స్టువర్ట్ కోప్‌లాండ్. కుడివైపు పొట్టిగా ఉన్నది ఆండీ సమ్మర్స్. మధ్యలో ఆయన పేరు మీకు తెలుసు.

ఇట్లు,
ఒక పాత సైడ్ డ్రమ్ము మనిషి,
అంబాజీపేట మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా